చర్చి ముందు దీపస్తంభం

కాలవగట్టు మీద మా చర్చి ముందు పాతకాలపు ఇనప దీపస్తంభం ఇంకా ఉంది. దాని మీద అద్దాల పెట్టెలో కిరోసిన్ దీపం. ఏటా క్రిస్మస్ సాయంత్రం దాన్ని పేటకు వచ్చిన కొత్త కోడలే వెలిగించాలి.

మొన్న ఎల్‌ఈడీ లైట్లు బిగిస్తూ, పంచాయతీ లైన్‌మన్ దాన్ని పీకేయబోయాడు.

"వెలగని స్తంభం ఎందుకండీ?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "వెలగదని ఎవరన్నారండీ? పండగనాడు వచ్చి చూడండి!"

నిజంగానే వచ్చాడు. మా కోడలు కొంగు దోపుకుని నిచ్చెనెక్కి, అద్దం తలుపు తీసి వత్తి వెలిగించింది. కింద నిచ్చెన పట్టుకున్న అత్తలందరం ఒకప్పుడు అది ఎక్కినవాళ్లమే.

లైన్‌మన్ కాసేపు తలెత్తి చూశాడు. తర్వాత వెళ్లి, తను బిగించిన లైట్లన్నీ తనే ఆపేశాడు.