నీలవేణి కోసం ఉపవాస ప్రార్థన

మనిషి నవ్వులపాలు కావడానికి పెద్ద తప్పులేమీ చేయనక్కర్లేదు. తెలియనిదానికి తెలిసినట్టు తలాడిస్తే చాలు. నేను ఒకసారి అలా తలాడించినందుకు ఒక పూట పస్తుండాల్సిన మా చర్చి సంఘం రెండు పూటలు పస్తు ఉంది, పాస్టరు అయ్యగారు ఆటో ఎక్కారు, ఆసుపత్రిలో ఒక వార్డు వార్డంతా లేచి కూర్చుంది. ఎలాగో చెబుతాను. మీరు నవ్వినా నాకేం కాదు. మా ఊరు ఎప్పుడో నవ్వేసింది.

మాది కొనకనమిట్ల దగ్గర పల్లె. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మార్కాపురంలో డిగ్రీ అయిపోయింది, చర్చిలో యువజన కార్యదర్శినయ్యాను. ఈ రెండూ కలిసి నా మెడను కాస్త బిగించాయి. సీరియళ్లంటే చిన్నచూపు. మా అమ్మ మార్తమ్మ పగలంతా మిరప చేలో కూలికి వంగి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని టీవీ ముందు కూర్చుంటే, నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మేధావిలా గోడవైపు తిరిగేవాణ్ణి.

ఒక గురువారం అమ్మ కళ్లు తుడుచుకుంటూ నా భుజం తట్టింది.

“నాయనా, నీలవేణి కోమాలోకి పోయింది. రేపు ఉపవాస ప్రార్థనలో విన్నపాలు చదువుతావు గదా, ఆమె పేరు గూడా రాయి.”

“ఏమైంది?” అన్నాను, ఒక చెవి మాత్రం ఖాళీ చేసి.

“అత్త పాలల్లో ఏందో కలిపింది. మొగుడు చూడను గూడా పోలేదు. పసిబిడ్డ ఏడుస్తా ఉంది.”

నీలవేణి ఎవరో నాకు తెలియదు. అడిగితే “సొంత మనుషుల్ని గూడా మరిచిపోయినావా” అంటుందని భయం. మా బంధువర్గం కనిగిరి నుంచి గిద్దలూరు దాకా పరుచుకుని ఉంది, అందులో ఒక నీలవేణి ఉండే ఉంటుందనుకుని గంభీరంగా తలాడించాను.

శుక్రవారం విన్నపాల చీటీ చదివి ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకుంటానా? గొంతులో తడి తెచ్చుకున్నాను.

“గిద్దలూరులో మాకు అక్క వరసయ్యే నీలవేణి కోమాలో ఉంది. నేను కళ్లారా చూసి వచ్చినాను. ఒంటినిండా పైపులే.”

ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నా మాటలకు కరిగిపోతున్నారనుకుని ఇంకో రెండు పైపులు తగిలించాను. అమ్మ మాత్రం నిజంగానే ఏడుస్తోంది.

అయ్యగారు మా ఊరికి కొత్త. ఆయన ఇంట్లో అప్పటికింకా టీవీ కూడా పెట్టలేదు.

“ఏ ఆసుపత్రి, దానియేలూ?” అన్నారు.

“మార్కాపురంలో, అయ్యగారూ.” పైపులు పెట్టినవాడికి ఊరు పెట్టడం ఒక లెక్కా.

“అయితే రేపు మనిద్దరం పోయి చూసి వద్దాం. సంఘం ఇంకో పూట ఉపవాసం ఉంటుంది.”

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు పెద్దదైతే ఊరికి రెండో పూట కూడా పస్తే.

ఇంటికెళ్లి, “అమ్మా, ఎట్లాంటి ఆసుపత్రి?” అని ఆరా తీశాను. “చానా పెద్దది. అద్దాల తలుపులు, లిఫ్టు గూడా ఉంది” అంది. నాకు ధైర్యం వచ్చింది. పొద్దున్నే ఆటో ఎక్కుతుంటే పక్కింటి సుగుణత్త అర డజను బత్తాయిలు తెచ్చిచ్చి, “పాపం, ఆ పిల్లకు రసం తాపియ్యి” అని గబగబా లోపలికి పోయింది. ఏడుపు ఆపుకోలేకపోయింది కాబోలు అనుకున్నాను.

ఆసుపత్రిలో నర్సును అయ్యగారే అడిగారు. “అమ్మా, నీలవేణి అని, కోమాలో ఉంది.”

“ఇంటిపేరు?”

అయ్యగారు నావైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను.

“పోనీ, మొగుడి పేరు?”

అమ్మకు ఫోను చేశాను. “హర్షవర్ధన్ గదరా. ఏడెనిమిది కంపెనీలుండాయి” అంది. మా బంధువుల్లో ఏడెనిమిది మేకలున్నవాడే షావుకారు. అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు. “హర్షవర్ధన్” అన్నాను, కొంచెం గొప్పగానే.

నర్సు పెన్ను కింద పెట్టింది. “అత్త పేరు రాజేశ్వరీదేవి గదా అన్నా?”

“నీకు తెలుసా చెల్లీ?”

“తెలియకేం. నిన్న చెయ్యి కదిలించింది. ఈ పొద్దు కళ్లు తెరుస్తాదని ప్రోమోలో చూపించినారు.”

“ప్రోమో అంటే ఏ డాక్టరమ్మా?” అన్నారు అయ్యగారు.

మంచం లేదు, మనిషి లేదు, రోగం పేరు కోమా! నర్సు పది నిమిషాలు కథంతా ఓపిగ్గా చెప్పింది. ఈలోగా సంగతి వార్డులోకి పాకింది. మంచాల మీదివాళ్లంతా లేచి కూర్చున్నారు. కాలికి కట్టుతో ఉన్న ఒక అవ్వ పిలిచింది.

“నీలవేణికి ప్రార్థన చేసే సామి వచ్చినాడంటనే? నా కాలు తర్వాత చూద్దువులే, ముందు ఆ పిల్లకు చెయ్యి నాయనా.”

అయ్యగారు అవ్వ కాలికే ప్రార్థన చేసి, బత్తాయిలు ఆమె చేతిలో పెట్టి బయటికి నడిచారు. ఆటో సగం దారి వచ్చాక నావైపు తిరిగారు.

“దానియేలూ, ఇందులో మీ అమ్మ చెప్పిన అబద్ధం ఒక్కటీ లేదు. అన్నీ నీవే.”

తల వంచుకున్నాను. కార్యదర్శి పదవి అక్కడే రోడ్డు మీద దిగిపోయిందనుకున్నాను. ఇంకాస్త దూరం పోయాక ఆయన గొంతు సవరించుకున్నారు.

“ఇంతకీ, కలిపింది అత్తేనని ఆ మొగుడికి తెలుసునా?”

ఇంటికొచ్చి అమ్మ మీద ఎగిరాను. “టీవీలో మనిషికి ప్రార్థన ఏందే?”

అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూనే జవాబిచ్చింది. “ఆరేండ్లుగా రోజూ మనింటికి వస్తా ఉంది. మీ మేనత్త కంభంలోనే ఉండాది, ఏడాదికొకసారన్నా వస్తాదా? ఆమె పెండ్లి చూసినా, పురుడు చూసినా. పని నుంచి వచ్చినాక నా ఎదురుగా కూర్చునేది ఆమె ఒక్కతే. నువ్వు గోడకు మొగం పెడతావు.”

నేను ఆమె ఎదురుగా కూర్చుని బియ్యంలో చెయ్యి పెట్టాను. రాళ్లు ఏరుతూ అడిగాను. “మరి నేను బంధువని చెప్తా ఉంటే ఆపలేదేం?”

“అక్క వరస అన్నావు. ఇన్నాళ్లకు వరస కలిపినాడులే అని సంతోషపడినా.”

తర్వాతి శుక్రవారం చీటీలు నా చేతికి రాలేదు. అయ్యగారే చదివారు. జ్వరాలు, వానలు, పరీక్షలు అన్నీ అయ్యాక కళ్లు మూసుకుని, కాస్త గొంతు తగ్గించి, “కళ్లు తెరిచిన ఆ బిడ్డకు మాట కూడా దయచేయి తండ్రీ” అన్నారు. చర్చి పైకప్పు రేకులు అదిరేలా ఆడవాళ్లు ఆమెన్ అన్నారు.

ఆమెకు మాట పడిపోయిందని ముందురోజు ఎపిసోడులోనే బయటపడింది.

అందుకని నేను మోకరించి ఒక ప్రమాణం చేశాను. ఈ బొందిలో ప్రాణమున్నంతవరకు, ఎవరికైనా జబ్బు చేసిందని అమ్మ చెబితే, అది ఏ ఛానెల్లోనో అడగకుండా చీటీ రాయను.