ఆ బిడ్డ తలమీద వేయించిన ఒట్టు

మొన్న కళ్లు చూపించుకోవడానికి కరీంనగర్ పోతే, కంటి డాక్టరు గది పక్కనే కౌన్సిలింగు అని బోర్డు పెట్టుకుని చదువుకున్న అమ్మాయి ఒకతె కూర్చుని ఉంది, బయట బెంచీ మీద ఐదారుగురు ముఖం దాచుకోకుండా తమ వంతు కోసం చూస్తున్నారు. నాకు నేను మొదట పనిచేసిన మంథని దవాఖానా గుర్తుకొచ్చింది.

మన ఈడువాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో ప్రాణం తీసుకోబోయి బతికిన మనిషికి దవాఖానాలో మొదట దొరికేవి తిట్లే. కాంపౌండరు మొదలు చూడవచ్చిన చుట్టాల దాకా తలా ఒక మాట అని, ఆపైన బిడ్డ తలమీద చేయి పెట్టించి, ఇంకెప్పుడూ ఇట్లా చేయనని ఒట్టు వేయించేవారు. అదే మందు అనుకునేవాళ్లం. నేను అప్పుడు కొత్త నర్సును, వయసు ఇరవై రెండు, నోరు మాత్రం నలభై ఏళ్లది. ఒట్టు వేయించడంలో నన్ను మించినవాళ్లు లేరని డాక్టరుగారు మెచ్చుకుంటే పొంగిపోయేదాన్ని. తలచుకుంటే సిగ్గేస్తుంది.

బొంబాయి మిల్లుకు పోయిన మొగుడు అక్కడే ఇంకొకతెను చేసుకున్నాడని తెలిసి బావిలో దూకిన ఒక నేతపనివారి కోడలిని తెచ్చారు. బతికింది. నేనే ఆమె చేయి పట్టుకుని రెండేళ్ల కూతురి నెత్తిన పెట్టించాను. నెల తిరక్కముందే, సూదిమందుకు వచ్చినవాళ్ల వరుస బారెడు పొడుగున ఉన్న ఒక పొద్దున, ఆమె వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఒక్కటే అడిగింది.

"నర్సమ్మా, జర గా ఒట్టు తీసెయ్యి."

ఒట్టు తీస్తే చావమన్నట్టే కదా అని నాకు కోపం వచ్చింది. తీయను పో, బిడ్డను చూసుకుంటూ బతుకు అని తరిమేసి సిరంజి అందుకున్నాను. ఎందుకమ్మా అని అడగలేదు, కూర్చోమనలేదు. మళ్లీ అట్లాగే అనిపిస్తోందని ఆమె ఎవరికి చెప్పుకోగలదు, ఆ మాట నోట వస్తేనే బిడ్డకు తగులుతుందని భయం పెట్టింది నేనే కదా! నాలుగోనాడు ఆమె గోదావరి పాలయింది.

ఆ తర్వాత ఆదిలాబాదుకు బదిలీ అయినా, ఎక్కడ పనిచేసినా, ఎవరిచేతా ఒట్టు వేయించలేదు. అటువంటివాళ్ల మంచం పక్కన స్టూలు వేసుకుని, ఇంకా చావాలనిపిస్తోందా అని సూటిగా అడిగేసి, వాళ్లు చెప్పినంతసేపు నోరు మూసుకునేదాన్ని. నాకది ఎంత కష్టమో మా ఇంట్లోవాళ్లనడిగితే చెబుతారు. క్రమంగా డాక్టర్లే అటువంటివాళ్లను నా దగ్గరికి పంపసాగారు. బతికినవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ వాళ్ల ముఖాలు గుర్తు లేవు. గుమ్మం దగ్గరి ముఖమే నన్ను వదలలేదు.

ఇప్పటి పిల్లలు నయం, అడుగుతారు, వింటారు. మాకు ఆ చదువు ఎవరూ చెప్పలేదు. మంథని వదలబోయే ముందు, చనిపోయిన ఆ కోడలి అత్త మనవరాలిని టీకాకు తెచ్చింది. పిల్లకు కాస్త దగ్గు, అంతే.

"తల్లి ఒట్టు దప్పింది. గీ పిల్ల దక్కుతదా నర్సమ్మా?"

ఒట్టూ లేదు, ఏమీ లేదని నేను ఎన్ని విధాల చెప్పినా ఆమె తల ఊపిందే గాని నమ్మలేదు. ఆ పిల్లకు ఇప్పుడు అరవై దాటి ఉంటాయి. ఒంట్లో నలతగా ఉన్నప్పుడల్లా తల్లి ఒట్టే తగిలిందనుకుంటూ పెరిగిందేమో. తల్లి వచ్చి తీయమని అడిగిన రోజున నేను తీయలేదు.