చెక్కవిల్లు పట్టిన చెయ్యి

హెడ్‌ఫోన్స్‌లో వింటినారి బిగుస్తున్న చప్పుడు వినగానే నా కుడి భుజం ఇప్పటికీ కాస్త లాగుతుంది. వేట ఆటలను తప్పుల కోసం ఆడి చూడడం నా ఉద్యోగం. అది నాకు దక్కిందంటే కారణం, ఒక్క వీడియో గేమ్ కూడా ఆడి ఎరగని శామ్యూల్ బాబాయ్.

అనకాపల్లిలో మా పక్కింటాయన. చక్కెర మిల్లులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఏ యంత్రం కనిపించినా దాని కడుపులో ఏముందో తెలిసేదాకా ఊరుకునేవారు కాదు. మా మిక్సీని రెండుసార్లు ఊడదీశారు, ఒక్కసారే తిరిగి బిగించగలిగారు.

అప్పటికే రెండు కంపెనీలు నన్ను వద్దన్నాయి. మూడోది పరీక్షగా ఒక వేట ఆట పంపి, పాతకాలపు చెక్కవిల్లు, కప్పీలున్న కొత్తరకం విల్లు, ఈ రెండింట్లో ఆడేవాళ్లు దేన్ని ఎందుకు ఎంచుకుంటారో రాయమంది. ఇదీ పోతే ఇక ఇంట్లో ముఖం చూపించలేననుకున్నాను. అంకెలు చూస్తే కొత్తదానికి దూరం, వేగం అన్నీ ఎక్కువే. ఒక్క పేజీలో తేల్చేశాను. అంతలో బాబాయ్ కుర్చీ లాక్కుని నా వెనక కూర్చున్నారు.

"ఈ కప్పీలు ఏటి సేత్తాయమ్మా?"

నాకు తెలియదు. అందం కోసమేమో అన్నాను. ఆయన నవ్వలేదు. మిల్లులో రోలరు ఎత్తే కప్పీల గొలుసు, చైన్‌బ్లాక్ సంగతి చెప్పి, నారి పూర్తిగా లాగాక కప్పీలు చేతిమీద బరువు తగ్గిస్తాయనీ, చెక్కవిల్లుకు ఆ సుఖం లేదనీ వివరించారు. ఇంటికెళ్లి పాత సైకిల్ ట్యూబ్ తెచ్చి మా కిటికీ ఊచకు కట్టి, బాణం వేస్తున్నట్టు లాగి పట్టుకోమన్నారు. ఇరవై లెక్కపెట్టేలోగా నా చెయ్యి గడగడా వణికింది.

"మరి ఆటలో ఆ సెయ్యి వణకదేటి?"

వెంటనే ఆటలో చెక్కవిల్లు లాగి పట్టుకుని కూర్చున్నాను. పక్కన టీ చల్లారిపోయింది, తెరమీద చెయ్యి మాత్రం కదల్లేదు. చెక్కవిల్లుకు బరువే లేనప్పుడు కప్పీలతో పనేముంది? అంకెలు తప్ప ఎంచుకోవడానికి అక్కడ ఏమీ లేదు. రాసిందంతా చెరిపేసి ఆ ఒక్క ప్రశ్న గురించే రాసి పంపాను. ఉద్యోగం వచ్చింది.

చెక్కవిల్లు లాగి పట్టుకుంటే చెయ్యి వణికేలా ఆటను మార్చేనాటికి బాబాయ్ లేరు. చూపించలేకపోయానని ఇప్పటికీ బాధే. చూస్తే మెచ్చుకునేవారు కాదులెండి, లేడికి మన వాసన తెలుస్తుందా అని ఇంకో ప్రశ్న వేసేవారు. ఆ ట్యూబ్ మా కిటికీకి అలాగే ఉంది. కొత్త ఆట ఏది వచ్చినా ముందు దాన్నొకసారి లాగి చూస్తాను.

చెక్కవిల్లు పడితే చెయ్యి వణుకుతోంది, ఆ వణుకు తీసేయండని ఆడేవాళ్లు వారం వారం రాస్తూనే ఉంటారు. నేను తీయనివ్వను.