జ్ఞానాంబ పూచీ

వడమాలపేట బస్టాండులో జ్ఞానాంబ నోటికి జడవని కండక్టరు లేడు. మొగుడు పోయాక, ఉన్న రెండు మడుల్లో మల్లెలు పెంచి, గంప నెత్తినెత్తుకుని తిరుపతిలో పూలమ్ముకుని బతికేది. అలాంటి గయ్యాళికి ఊరి బయట కొత్తగా వెలిసిన సిలోను కాలనీ మీద ఎందుకంత మనసు పోయిందో ఎవరికీ అంతుపట్టలేదు.

కాలనీవాళ్లు తాతల నాడు సిలోను తేయాకు తోటలకు కూలికి పోయినవాళ్ల సంతతి. అక్కడి సర్కారు పొమ్మంటే, ఇక్కడి సర్కారు రేకుల ఇళ్లిచ్చి కొన్నాళ్లు బియ్యం పోస్తానంది. ఆ బియ్యం ఆగేలోగా కూలి దొరక్కపోతే పస్తులే. వేరుశనగ చేను ఎరగరు, మన ఎండకు తాళలేరు. ఆకు గిల్లడం తప్ప మాకేమీ రాదని అళగమ్మ అనే ఆమె అరవంలో ఏడ్చింది. గిల్లే చేతులకు పూలు కోయడం ఒక లెక్కా అనుకుని, జ్ఞానాంబ వాళ్లను మునిరామయ్య పెద్ద మల్లెతోటలో కూలికి కుదిర్చింది. పూచీ నాదని కూడా అంది.

ఇంకేముంది, మర్నాడే కొంప మునిగింది. ఒళ్లు దాచుకున్నారా అంటే లేదు, పాపం. కానీ ఆ చేతులకు పుట్టినప్పటి నుంచి ఒకటే అలవాటు. ప్రతి కొమ్మ కొసనూ రెండు లేతాకులతో సహా తుంచి గంపలు నింపేశారు. రేపు పూయాల్సిన మొగ్గలన్నీ ఆ కొసల్లోనే పోయాయి. పైగా అళగమ్మ నిండు గంప తెచ్చి గర్వంగా చూపించింది. మునిరామయ్య మండిపడి, కాలనీ మనిషిని ఈ చుట్టుపక్కల ఏ తోటలోనూ కాలు పెట్టనివ్వనన్నాడు. అన్నంత పనీ చేశాడు.

ఇంకొకరైతే దండం పెట్టి తప్పుకునేవాళ్లు. జ్ఞానాంబ కాలనీకి పోయి అందరినీ కడుపారా తిట్టి, చివర్న "రేపు నా తోటకు రాండి" అంది. ఆ రెండు మడులే ఆమె కూడు. పిచ్చి పట్టిందా అని ఇరుగుపొరుగు బుగ్గలు నొక్కుకున్నారు.

జ్ఞానాంబ అళగమ్మ వేళ్లు పట్టుకుని, తెల్లగా ఉబ్బిన మొగ్గను కోయించింది, పచ్చిదాన్ని వదిలించింది. మొదట్లో తన పూలూ సగానికి పడిపోయాయి. తిట్టింది, మళ్లీ వేళ్లు పట్టుకుంది. ఆ నోటి వెనక అంత ఓర్పు ఎక్కడ దాచుకుందో మహాతల్లి! తీరా పని పట్టుబడ్డాక, ఆ ఆడవాళ్లు రెండు చేతులా కోస్తుంటే ఎండెక్కకముందే తోట ఖాళీ అయ్యేది. మునిరామయ్య కబురంపాడు.

"నువ్వే వచ్చి పిల్సుకో అప్పా. మనోళ్లకిచ్చే కూలే ఈళ్లకూ ఇయ్యాల" అంది జ్ఞానాంబ. ఆయన ఆ కూలికే ఒప్పుకుని, వచ్చి పిలుచుకున్నాడు.

సర్కారు బియ్యం ఆగిన రోజు మాత్రం ఆమెకు కాలు నిలవలేదు. సంగటి కుండ ఎత్తుకుని కాలనీకి పరిగెత్తింది. అళగమ్మ ఆ కుండ దించి పక్కన పెట్టి, ఆమెను కూర్చోబెట్టి, వేడన్నం వడ్డించి పులుసు పోసింది.

"ఇది మేము కొన్న బియ్యం అక్కా. తిను" అంది వచ్చీరాని తెలుగులో.

జ్ఞానాంబ కళ్లలో నీళ్లు నిండి పళ్లెం కనిపించలేదు. తడుముకుంటూనే తిన్నది. ఎవరింటా మారు అడిగి ఎరగని మనిషి పళ్లెం ముందుకు జరిపింది.

"పులుసులో ఉప్పు సాల్లేదు. ఇంకో ముద్ద పెట్టుమే."