ఎండాకాలంలో పారిన వంక

మే ఆఖర్లో మా ఊరి వంకలో నీళ్ళు పారుతున్నాయని అమ్మ ఫోన్ చేస్తే నమ్మలేదు. పెద్ద వాన పడితే తప్ప అది పారదు. గుట్ట వాలు మీద కంపచెట్లు తీసేసి మామిడి తోటలు వేశారు, మాదీ అందులో ఒకటి. తోట తోటకూ బోర్లు. వాన పడితే ఎర్రనీళ్ళు ఉరుకుతాయి, మరునాటికి ఇసుకా, రాళ్ళ మధ్య ఒక గుంటెడు నీళ్ళూ మిగులుతాయి. వంక పక్కనున్న మా తాగునీటి బావి ఎండి ఏళ్ళయింది.

"బావిలో గూడా ఊట వచ్చిండాది రా. గంగమ్మ మన మొగం సూసింది" అంది అమ్మ.

తిరుపతిలో బస్సెక్కి ఊరికి వెళ్ళాను. నిజంగానే పారుతోంది. సంతోషపడాలో భయపడాలో తెలియలేదు. నీళ్ళు బూడిద రంగులో, నురగ కట్టి ఉన్నాయి. రాళ్ళ మీద దూదిలాంటి జిగురు. గుంటలో ఎలాగో బతుకుతూ వచ్చిన చేపపిల్లలు ఇప్పుడు చచ్చి తేలుతున్నాయి. నీళ్ళు లేనప్పుడు బతికినవి నీళ్ళొచ్చాక చావడమేమిటి? నాకు మతి పోయింది.

అమ్మ ఇవేవీ పట్టించుకోలేదు. నీళ్ళలో పసుపు కుంకుమ వదిలి, తీర్థం పుచ్చుకోవడానికి దోసిలి పట్టింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఏంరా, గంగనే వద్దంటావా?"

"వాసన సూడు మా."

అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుంది. "పులిసిపోయిన మామిడికాయ వాసన" అంది.

వంక ఎగువన ఆ ఏడే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ తెరిచారు. కాయలు కడిగిన నీళ్ళు ఇటు వదులుతున్నట్టున్నారు. ఒళ్ళు మండింది. నిలదీస్తానని చెప్పులు తొడుక్కున్నాను.

"ఆడికి పోయి ఏం గొడవ చేస్తావు? మీ నాయన కాయ ట్రాక్టరు నిన్నటి నుంచీ ఆ గేటు ముందరే ఉండాది."

చెప్పులు విప్పేశాను. వాళ్ళు కొనకపోతే ఆ కాయ రోడ్డు పక్కన పారబోసుకోవాల్సిందే. నా కోపం ఎవరి మీదో నాకే అర్థం కాలేదు.

అంతలో నాయన ఫోన్ చేశాడు. కాయ దించుకున్నారట, గొంతులో ఎంత సంతోషమో! అమ్మ కూడా అమ్మయ్య అనుకుంది. ఆ వెంటనే నన్ను నిలదీసింది.

"సదువుకున్నోడివి గదా, ఈ బావి నీళ్ళు తాగొచ్చా, తాగగూడదా? ఒక్క మాట సెప్పు."

నాకు తెలియదు. మట్టిలో ఇంకి వచ్చిన నీళ్ళు మంచివే కావచ్చు, కాకపోవచ్చు. పరీక్ష చేయించేదాకా తాగొద్దన్నాను. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళ కోసమే మొక్కిన మనిషి, తోడిన బిందెడూ చెట్టుకు పోసేసి లోపలికి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాయనకు ఫోన్ చేసి, వచ్చేటప్పుడు ఒక నీళ్ళ క్యాను తెమ్మని మాత్రం చెప్పాను.

సాయంత్రం ఖాళీ ట్రాక్టరులో క్యాను తెచ్చి బావి గట్టు మీద దించాడు. లోపలికి తొంగి చూసి నవ్వాడు.

"బావిలో ఇన్ని నీళ్ళు పెట్టుకోని, ఇంక ఈ క్యాను యాలరా?"

అమ్మ నా వైపు చూసింది. ఆయన దించి వచ్చిన కాయ కడిగిన నీళ్ళే ఇందులోకి ఊరుతున్నాయేమోనని ఆయనకు ఎవరు చెప్పాలి?