రత్నమ్మకున్న ధైర్యం నాకెందుకు లేదని

పందొమ్మిది వందల యాభైల చివర్లో ఒక ఆదివారం, పెనుకొండలో సండే స్కూలు పిల్లలకు తనవాళ్లను తీసుకుపోవడానికి ప్రభువు మళ్లీ వచ్చే రెండవ రాకడ గురించి చెబుతున్నాను. దగ్గు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని తీసి చూస్తే నెత్తురు. జబ్బు సంగతి ముందు తోచలేదు. ‘ఆయన ఇప్పుడే వస్తే నన్ను విడిచిపెట్టేస్తాడు’ అనుకున్నాను. పదేళ్లుగా ఆ పాఠం చెబుతున్నదాన్ని, లోపల మాత్రం రాకడంటే వణుకు.

హిందూపురం ఆసుపత్రిలో ఎక్స్-రే తీశారు, కఫం తీసి స్ప్యూటం టెస్టు చేశారు. “టీ.బీ. టీచరమ్మా. కుడి లంగ్‌లో ప్యాచ్ ఉంది. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, పి.ఏ.ఎస్. మాత్రలు. ఏడాదిన్నర వాడాల. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది” అన్నాడు డాక్టరు. పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దన్నాడు. మా ఇద్దరు పిల్లల్నీ ధర్మవరంలో నా తోడికోడలు రత్నమ్మ దగ్గరికి పంపాం.

రత్నమ్మకు పిల్లల్లేరు. నేతగాళ్ల ఇళ్లలో పట్టు దారాన్ని కండెలకు చుట్టి బతికేది. అక్షరం రాదు. నేను బైబిలు వాక్యం చదివితే వినేది. అలాంటి మనిషి ప్రార్థనలో “బిరీన రా సామీ” అని, పుట్టింటివాళ్లను పిలిచినట్టు నవ్వుతూ తొందరచేసి పిలిచేది. నాకు ఒళ్లు మండేది. చదివింది నేను, చెప్పింది నేను, ధైర్యం మాత్రం ఆమెకా? ఇప్పుడు నా పిల్లలూ ఆమె దగ్గరే. చిన్నది ఆమె పక్కలో తప్ప పడుకోవడం లేదని మా ఆయన చెప్పిన రోజు నాకు అన్నం సహించలేదు. రాకడనాడు ఆమె నా పిల్లల చేతులు పట్టుకుని వెళ్లిపోతుంది, నేను మంచం మీద మిగిలిపోతాను. ఎప్పుడూ ఇదే తలపు.

ఐదారు నెలలకు దగ్గు తగ్గింది. ఇంజెక్షన్లు అయిపోయి మాత్రలే మిగిలాయి. అప్పుడు చేశాను బుద్ధిలేని పని. ప్రభువు కోసం నిజంగా ఎదురుచూసే మనిషికి ఇంకో ఏడాది మందులెందుకు అనుకున్నాను. విశ్వాసంలో రత్నమ్మను మించాలని మాత్రలు మానేసి, మింగానని మా ఆయనతో అబద్ధం చెప్పాను.

రెండు నెలలకు మళ్లీ నెత్తురు పడింది. కొత్త ఎక్స్-రేను కిటికీకి ఎదురుగా పట్టుకుని, “ఎవరు ఆపమన్నారమ్మా?” అని డాక్టరు కేకలేశాడు. ఆ పూటే వార్డులో చేర్చుకున్నాడు.

సంగతి తెలిసి రత్నమ్మ ప్యాసింజరు బండెక్కి వచ్చింది. వార్డులో నా మంచం పక్కన కూర్చోగానే నాకు ఏడుపు ఆగలేదు. “నిన్ను చూసి కుళ్లుకున్నానే. నిన్ను మించాలనే మందు మానేసినా” అన్నాను.

“ఏందక్కా ఇది! సామి వస్తాడని నేను కండెలు చుట్టేది మానేసినానా?”

“నీకు భయం లేదు గదా.”

రత్నమ్మ తల వంచుకుని, “మొన్న చిన్నది మర్సిపోయి నన్ను ‘అమ్మా’ అనింది. నువ్వు ఇంక రాకుంటే బాగుండు అనుకున్నా అక్కా. అంత పాపిష్టిదాన్ని. నా మంచితనం నమ్ముకొనుంటే నేనూ వణకాల్సిందే. నాకోసరం పానమిచ్చినోడే గదా వచ్చేది? ఆయనకు నా సంగతి తెలీదా?” అనింది.

నా చావే కోరుకున్నట్టు నా ముఖం మీదే చెప్పిన మనిషి మీద కోపం రాలేదు. ఇన్నేళ్లూ వచ్చేవాణ్ణి వదిలేసి, పక్కనున్నదాన్ని చూస్తూ కూర్చున్నానని సిగ్గేసింది. ఇద్దరం చేతులు పట్టుకుని ప్రార్థన చేసుకున్నాం.

మందులు మళ్లీ మొదటినుంచి వాడాను. ఇప్పుడు ఎక్స్-రే క్లియర్‌గా ఉంది. పాఠం చెబుతున్నాను, రాకడ మాట వస్తే లోపల ఆ వణుకు లేదు. సెలవులిస్తే చిన్నది ధర్మవరానికే పరుగెత్తుతుంది. ఆ కుళ్లు పూర్తిగా పోయిందంటే అబద్ధమే.

ఈ జబ్బుతో ఉన్నవారికి ఒక్కటే చెబుతాను. దగ్గు తగ్గిందని మాత్రలు ఆపకండి. డబ్బా మీ దగ్గర పెట్టుకోకండి, మీరు అబద్ధమాడలేని మనిషికి ఇవ్వండి. స్ప్యూటం నెగటివ్ వచ్చి, ఇక ఎవరికీ అంటదని తేలాక నేను ధర్మవరం వెళ్లి, మందులయ్యేదాకా అక్కడే ఉండి, నా డబ్బా రత్నమ్మ చేతికే ఇచ్చాను.