మునగచెట్టు కోసం కట్టిన దూది కాగడా

సఫూరా బూర్గంపాడులో బొంతలు కుట్టేది. ఉన్నది ఒంటిగది ఇల్లు. బొంత పరిచి కుట్టడానికి చోటంటే పెరట్లో మునగచెట్టు నీడ ఒక్కటే. ఎనభై నాలుగులో దసరా వెళ్లాక ఆ చెట్టుకు గొంగళిపురుగులు పట్టాయి. దూరం నుంచి చూస్తే మానుకు గొంగడి చుట్టినట్టుండేదట.

పక్కింటి రాఘవమ్మ కూతురు ప్రసవించి, మర్నాడు పొద్దున భద్రాచలం దవాఖానా నుంచి వస్తోంది. రాఘవమ్మ తన తల్లి పాతచీరలిచ్చి, బిడ్డ కోసం సఫూరాతోనే బొంత కుట్టించింది; అదింకా సఫూరా గదిలోనే ఉంది. పురుగుల నూగు గాలికి లేచిందంటే పసిదాని ఒళ్లంతా దద్దుర్లే. రాఘవమ్మ దడి దగ్గరకొచ్చి నిలబడింది.

"రేపు పొద్దుటికి పురుగులన్నా ఉండకూడదు, చెట్టన్నా ఉండకూడదు. తర్వాత నన్ననకు, సఫూరా."

"చెట్టు కొట్టేస్తే నేనేడ కూసోని కుట్టాలె, అక్కా? ఇయ్యాలనే కాలుస్త."

పురుగులు రాత్రిళ్లు ఆకుల్లోకి పాకి, పగలు మానుమీద ముద్దలుగా పడుకుంటాయి. అందుకే మధ్యాహ్నమే మొదలుపెట్టింది. ఊళ్లో అందరూ కాగడాకు గోనెపట్టా చుడతారు. సఫూరా చేతికి అలవాటైంది దూది. పాతబొంతలోంచి పీకిన దూదినే గడకు కట్టి, గాసునూనెలో ముంచి వెలిగించింది.

రెండు ముద్దలు చిటపటమని రాలాయి. మూడోది పైపంగలో ఉంది. గడ ఎత్తేసరికి కట్టు వదులై, మండుతున్న పింజ ఒకటి ఊడి గాలిలో తేలింది. అది మెల్లగా దడి దాటి రాఘవమ్మ ఇంటి తాటాకు చూరుమీద వాలింది. ముందు పొగ, తర్వాత అరచేతంత మంట.

సఫూరా గడను నీళ్లగోలెం పక్క బురదలో గుచ్చి గదిలోకి పరుగెత్తింది. చేతికందిన బొంతను గోలెంలో ముంచింది. తడిసిన బొంత మనిషంత బరువైంది. దడి తోసుకుని వెళ్లి విసిరింది, అందలేదు. అప్పుడే బయటికొచ్చిన రాఘవమ్మ రెండోకొస పట్టింది. ఇద్దరూ ఊపి పైకి వేశారు. మంట బుస్సుమని చల్లారింది.

చూరునుంచి వేలాడుతున్న అంచును అప్పుడు గుర్తుపట్టింది రాఘవమ్మ. అది తన తల్లి కట్టిన చీర; తడిసింది బిడ్డ బొంతే. బొంతను కిందికి లాగి దడిమీద ఆరేసి, లోపలికెళ్లి ఒక గోనెసంచి తెచ్చింది.

"ఇది కట్టు. దూదితో చెట్టు కాలుస్తారటే ఎవరైనా?"

పొద్దు వాలకముందే మూడో ముద్దా కాలిపోయింది. చెట్టు నిలిచింది. బొంత ఆరేదాకా, మూడు రోజులు, బిడ్డ సఫూరా పాతచీర మడతమీదే పడుకుంది. బొంత మాడినచోట సఫూరా, తాను తలమీద కప్పుకునే ఆకుపచ్చ ఓఢ్నీ ముక్కతో అతుకు వేసింది.

"ఎట్ల పండవెట్టినా ఆ పిల్ల కాలు ఆ ముక్కమీదికే పోయేది" అంటుంది సఫూరా ఇప్పటికీ.